చంక దిగిన డ్రైవరమ్మ

ఆ బోర్డు రాసినవాడికి పిల్లలు లేరు. కావాలంటే పందెం. "వాగు పక్క నడక దారి. చిన్నపిల్లలున్న కుటుంబాలకు చాలా సులువు" అని రాసిపారేశాడు మహానుభావుడు. మా బుడ్డదాన్ని ఒక్కసారి వెంటబెట్టుకుని నడవమనండి, సులువంటే ఏంటో తెలిసొస్తుంది.

బుడ్డది మా అమ్మాయి. మూడేళ్ళు నిండాయి. ఇంట్లో మంచం మీంచి దూకుతుంది, సోఫా ఎక్కి గెంతుతుంది. గడప దాటిందో, "ఎత్తుకో" అని చేతులు చాస్తుంది. ఇన్నాళ్ళూ ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉన్నాను, ఏడో నెల. బరువులెత్తావంటే ఊరుకోనని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

ఆ మాట మా అత్తగారి చెవిన పడింది. మర్నాడే దిగిపోయారు, పుట్టబోయే బిడ్డకని, పిల్లల్ని కూర్చోబెట్టే మడత తోపుడు బండి కూడా కొనుక్కుని. వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుని తీర్పు చెప్పేశారు.

"కాన్పయ్యేదాకా బుడ్డది నా దగ్గరుంటుంది. రేపే తీసుకెళ్తాను."

ఆవిడకి ప్రేమే, కాదనను. కానీ అది లేని ఇంట్లో నేనెలా ఉండను? దాని కాలు నా పొట్ట మీద పడకపోతే నాకు నిద్రే పట్టదు.

"అది నడుస్తుందత్తయ్యా" అన్నాను.

"ఎక్కడ, నీ చంకలోనా?"

నాకు ఒళ్ళు మండింది. "ఆ వాగు బాట ఈ చివర్నుంచి ఆ చివర వంతెన దాకా నడుస్తుంది. నడిస్తే నా దగ్గరే ఉంటుంది."

"ఎవరి చంకెక్కినా, ఈ బండెక్కినా రేపు నాతో వస్తుంది, మరి!"

"సరే" అన్నాను. అన్నాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలిసిరాలేదు.

మా ఆయన బస్సు కండక్టరు. "జనాన్ని కదిలించడమే కదా నా ఉద్యోగం, నువ్వు చూస్తూ ఉండు" అని భరోసా ఇచ్చారు. ఆ సాయంత్రమే బయల్దేరాం. బాట మొదట్లోనే జేబులోంచి విజిల్ తీశారు. పాత టికెట్టొకటి బుడ్డదాని చేతిలో పెట్టి "రైట్ రైట్! తర్వాతి స్టాపు రాతి బెంచీ!" అని అరిచారు.

అది టికెట్టు పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. చేతులు చాచింది.

"ఎత్తుకో నాన్నా. టికెట్టుంది కదా. బస్సులో ఎవరైనా నడుస్తారా?"

అత్తగారు పగలబడి నవ్వారు. "తెల్లారినట్టే ఉంది మీ తెలివి" అన్నాను మా ఆయనతో. ఆయన విజిల్ నోట్లోంచి తీసి బుర్ర గోక్కున్నారు. బుడ్డది మట్టిలో చతికిలబడింది.

"రా తల్లీ, ఎక్కు" అంటూ అత్తగారు తోపుడు బండి ముందుకు తెచ్చారు. అందులో ఆవిడ సంచీ, నీళ్ళ సీసా ఉన్నాయి. బుడ్డది లేచి వెళ్ళి ఒక కాలు పైకెత్తింది.

"ఇదే బస్సా?" అంది.

"ఆఁ, ఇదే ఇదే" అన్నారు అత్తగారు, తొందరగా.

"అయ్యో, దీనికి డ్రైవరు రాలేదే!" అన్నాను నేను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకే తెలీదు. "పాపం, ఆ సంచీ, సీసా ఎలా వెళ్తాయో!"

ఎత్తిన కాలు కిందికి దిగింది. బండి వెనక్కి వెళ్ళి, తలకి పైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుంది.

"నేనే డ్రైవర్ని. అందరూ తప్పుకోండి. పీంపీం!"

"రైట్ రైట్!" అన్నారు మా ఆయన, ప్రాణం లేచొచ్చి.

ఇక చూడండి! ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు. వాగులో బాతులు కనబడితే హారన్ కొట్టింది కానీ ఆగలేదు. రాతి బెంచీ దాటింది. ఆ తర్వాత బురదలో చక్రం దిగబడింది. రెండుసార్లు తోసింది, కదల్లేదు. పెదవి వణికింది. నా వైపు తిరిగి చేతులు చాచింది. నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి.

"డ్రైవరమ్మా, నువ్వు దిగిపోతే ప్యాసింజర్ల గతేంటి?" అన్నారు మా ఆయన.

అది సంచీ వంక చూసింది. ముక్కు చేతికి తుడుచుకుంది. పొట్ట ఆనించి ఒక్క తోపు తోసింది. చక్రం బయటికొచ్చింది! నాకు కేక పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

వంతెన కనబడుతోందనగా ఈసారి ఆగిపోయింది అత్తగారు. "మోకాళ్ళు పట్టేశాయర్రా, మీరు పదండి" అంటూ రాయి మీద కూలబడ్డారు.

"హోల్డాన్!" అని కండక్టరులా అరిచి బండి ఆపింది బుడ్డది. సంచీ తీసి వాళ్ళ నాన్న చేతికిచ్చింది, సీసా నాకిచ్చింది. ఖాళీ సీటు మీద చేత్తో తట్టింది.

"నడవలేవా నానమ్మా? ఎక్కు. నేను తోస్తాగా."

ఆవిడ దాని బురద కాళ్ళ వంక, మొహం వంక చూశారు. కళ్ళు తుడుచుకుంటూ లేచారు.

"వద్దులే తల్లీ. నువ్వు నడుస్తుంటే నేను కూర్చుంటానా" అని బండి పిడి మీద తనూ ఒక చెయ్యి వేశారు.

వంతెన చెక్కల మీద చక్రాలు దడదడలాడాయి. మా ఆయన గట్టిగా ఊపిరి పీల్చి విజిల్ ఊదారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలీదు కానీ గెలిచాం! బుడ్డది మాత్రం అప్పుడే బండి వెనక్కి తిప్పేస్తోంది, తిరుగు ట్రిప్పుకి.

అత్తగారు కొడుకు భుజం తట్టారు.

"రేపటికి నా ఒక్కదానికే టికెట్టు తియ్యరా."