'ను' లేని మాట

పొద్దున్నే మల్లీశ్వరి చేసే పనులన్నీ వీధిలోకి వినపడేవి. పాలు పొయ్యి మీద పెడితే "పెట్టాను" అనేది. కుళాయి కట్టేస్తే "కట్టేశాను" అనేది. ఫ్రిజ్ తలుపు వేస్తూ "వేశాను" అనేది. అరవై దాటాక పట్టుకున్న అలవాటది. చేసిన పని నోటితో అంటే చెవి కూడా గుర్తుపెట్టుకుంటుందని ఆమె నమ్మకం. మనసొక్కటే మోయలేకపోతుంటే చెవిని సాయం పిలవడంలో తప్పేముంది?

ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించే వీధిలో వాళ్ళ ఇల్లు. భర్త హనుమయ్య ఆ స్టేషన్‌లోనే బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పాత ఫ్రిజ్ మూలనపడితే కిందటి వేసవిలో కొత్తది కొన్నారు. వచ్చిన నెలకే కింది అరల్లో పాలు విరగడం, పైన ఫ్రీజర్‌లో మంచు గడ్డ కట్టడం మొదలైంది. తలుపు తీసి ఉన్నప్పుడు దాని ముందు ఎవరేం మాట్లాడినా ఆ మాటలు మంచులో చిక్కుకునేవి. కరెంటు పోయి పై పొర కరిగినప్పుడు నీటి చుక్కలతో పాటు ఆ పొరలో మాటలూ అన్న వరసలోనే జారేవి. ఒక్కసారి వినిపించి ఆరిపోయేవి.

"పిన్నీ, మొన్న మీ ఆడపడుచుని తిట్టుకున్నదంతా మీ ఫ్రిజ్ బయటపెడుతోంది. స్విచ్ చూసుకోండి" అని పక్కింటి నఫీసా గోడ మీంచి చెప్పి, ఆరిన బట్టలు తీసుకుని లోపలికి పోయేది.

మాటల వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. పాలు విరగడమే ఇబ్బంది.

షాపుకి ఫోన్ చేస్తే కంపెనీ మెకానిక్‌ని పంపారు. అతను వచ్చి, చూసి, కాఫీ తాగి వెళ్ళాడు. వారం తిరక్కుండా కాగితం వచ్చింది: వస్తువులో లోపం లేదు, తలుపు తెరిచి వదిలేయడం వల్ల మంచు పడుతోంది, వారంటీ వర్తించదు. మల్లీశ్వరి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. వకీలు లేకుండా ఎవరి కేసు వాళ్ళే చెప్పుకోవచ్చని పేపర్లో చదివిన గుర్తుంది. విజయవాడ వెళ్ళి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇచ్చి వచ్చింది. దానికి కంపెనీ ఇచ్చిన జవాబులో ఇంకో మాట చేరింది. 'ఫిర్యాదికి మతిమరుపు ఉంది.'

ఆ మాట చదివి ఆమె లేచి, ఫ్రిజ్ తలుపు మూసి ఉందో లేదో చూసి వచ్చింది. నాకు మతిమరుపని వీళ్ళకెలా తెలిసింది? నిజంగా తలుపు తెరిచి వదిలేస్తున్నానా? వదిలేసిన సంగతే మర్చిపోతున్నానా?

మర్నాటి నుంచి హనుమయ్య గ్యాస్ స్టవ్ నాబ్‌లు రెండూ ఊడదీసి చొక్కా జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు.

"కాఫీ పెట్టుకుంటాను, నాబ్ ఇస్తారా?" అని ఆమె అడగాల్సి వచ్చేది.

"నేనొచ్చి వెలిగిస్తాలే."

"పెళ్ళయినప్పటి నుంచి నేను వెలిగించిన పొయ్యేనండీ ఇది."

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు. కేసు తేలనీ మల్లీ. తప్పు వస్తువుదే అని కమిషన్ అంటే నీ నాబ్‌లు నీకిచ్చేస్తా. కాదంటే మాత్రం వంటమనిషిని పెడదాం. నువ్వు హాయిగా టీవీ చూసుకుందువుగాని."

హాయిగా అన్న మాట ఆమెకి చేపముల్లులా గుచ్చుకుంది.

కిందటి వాయిదాకి కమిషన్ అధ్యక్షుడు కళ్ళజోడు పైకి జరుపుకుని అడిగాడు. "మీరు తలుపు వేస్తున్నారనడానికి సాక్ష్యం ఏముందమ్మా?"

"మంచు ఉందండి. మెకానిక్ ఏమన్నాడో అందులో ఉంటుంది. ఆయన తలుపు తీసి పెట్టుకునే చూశాడు."

"అయితే వచ్చే వాయిదాకి పట్టుకురండి. అదే ఆఖరు."

సరేనంది గానీ ఇంటికొచ్చాక ఆమెకి భయం పట్టుకుంది. మెకానిక్ వచ్చింది మొదట్లో. అతని మాటలు అడుగున ఉంటాయి. వాటి మీద ఇన్ని నెలల పొరలున్నాయి. ఆ పొరల నిండా తనే. ఫ్రిజ్ తీసి నిలబడి, ఎందుకు తీశానో తెలియక గొణుక్కున్న మాటలే. అడుగు మాట వినాలంటే ముందు అవన్నీ నలుగురూ వినాలి.

హనుమయ్యకీ ఆ ప్రయాణం ఇష్టం లేదు. "పరువు బజార్న పడుతుందే. రాజీ పడదాం" అని రోజూ పోరుపెట్టాడు. ఎందుకంత పోరుతున్నాడో ఆమెకి అర్థం కాలేదు.

వాయిదా రోజు మల్లీశ్వరి స్నానం చేసి వస్తుంటే వంటింట్లోంచి తన గొంతే వినిపించింది. "ఏం తీద్దామని వచ్చానబ్బా... పచ్చిమిరపకాయలా? కాదే..." పరుగెత్తుకెళ్ళి చూస్తే ఫ్రిజ్ ప్లగ్గు ఊడి నేలమీదుంది. కింద నీళ్ళు.

"ఏమండీ! ప్లగ్గు ఎవరు తీశారు?"

హనుమయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు. "నువ్వే తీసుంటావు. మంచు పెకలించాలన్నావుగా."

నేనే తీశానా? మల్లీశ్వరి నేలమీది ప్లగ్గు మళ్ళీ గుచ్చింది. ఎంత వెతికినా ఆ పని చేసిన గుర్తు లేదు. చేయలేదన్న గుర్తూ లేదు.

నఫీసా తన భర్త లస్సీ బండిలో వాడే థర్మాకోల్ పెట్టె తెచ్చింది. ఇద్దరూ అట్లకాడతో మంచుగడ్డని జాగ్రత్తగా ఊడదీసి, రంపపు పొట్టు చల్లి, గోనెసంచి చుట్టి పెట్టెలో పెట్టారు. "బస్సులో మూత తీయకండి పిన్నీ. బయట నిప్పులు చెరుగుతోంది" అంది నఫీసా.

బస్సు నిండా జనం. కండక్టర్ మల్లీశ్వరి ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ ఇచ్చి, పెట్టె వంక చూశాడు. "ఆడవాళ్ళకే ఫ్రీ అమ్మా. పెట్టెలకి కాదు."

పెట్టెలోంచి "కరివేపాకు ఎక్కడ పెట్టాను తల్లీ" అని సన్నగా వినిపించింది.

"లోపలున్నదీ ఆడమనిషేగా నాయనా" అంది పక్క సీట్లో చేపల బుట్టతో కూర్చున్న మాణిక్యమ్మ. బస్సంతా నవ్వింది. హనుమయ్య మాత్రం కిటికీలోంచి కృష్ణ వైపు చూస్తూ కూర్చున్నాడు. జేబులో నాబ్‌లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి.

గుంటుపల్లి దాటింది. గొల్లపూడి దగ్గర లారీ అడ్డంగా ఆగి బస్సు కదల్లేదు. ఎండకి సీటు రాడ్డు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పెట్టె మూల నుంచి నీళ్ళు కారి మల్లీశ్వరి కాళ్ళు తడిపాయి. ఒక్కొక్క చుక్కకీ ఒక్కొక్క ముక్క. "పెరుగు కదూ... పెరుగే... వేశా." "ఎందుకొచ్చానో గుర్తొచ్చాక వద్దాం... వేశా."

"వేశా వేశా అంటోంది, ఏం వేసిందమ్మా అంతసేపూ?" అంది మాణిక్యమ్మ. తన బుట్టలోంచి ఐసు ముక్కలు తీసి పెట్టె చుట్టూ సర్దింది. "నీ మాటలు చేపల వాసన కొడతాయేమో, ఏమనుకోకు."

మల్లీశ్వరి రెండు చేతులతో మూత నొక్కి పట్టుకుంది. ఈ ఎండకి అడుగు పొర దక్కుతుందా? దక్కినా, దానిలో ఏముందో?

కమిషన్ హాల్లో పేరు పిలిచేసరికి గడ్డ కొబ్బరికాయంత మిగిలింది. బంట్రోతు స్టీలు బేసిన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కంపెనీ తరఫు లాయరు హరిబాబు లేచాడు.

"అభ్యంతరం సార్. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి."

"మంచు ఎలక్ట్రానిక్ ఎట్లా అవుతుందండీ?"

"ఫ్రిజ్‌లోంచి వచ్చింది కదా సార్."

"పాలూ ఫ్రిజ్‌లోంచే వస్తాయి. కూర్చోండి" అన్నాడు అధ్యక్షుడు. స్టెనో సుబ్బరత్నంతో, "అమ్మా, పడ్డ మాట పడ్డట్టు టైపు చెయ్యి" అన్నాడు.

గడ్డని బేసిన్‌లో పెట్టారు. ఫ్యాన్ గాలికి కరగడం మొదలైంది.

"ఎందుకు తీశాను దీన్ని... ఆ, నిమ్మకాయ. నిమ్మకాయ కాదు. పోనీలే, వేశా."

"టమాటాలు కొన్నానా కొనలేదా... ఉన్నాయి. వేశా."

"సీతమ్మ ఫోన్ చేస్తానంది ఇవాళేనా... ఫోన్ ఏదీ... అయ్యో, ఫోన్ ఫ్రిజ్‌లో పెట్టానేంటి! వేశా."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మల్లీశ్వరి చీర చెంగు వేలికి చుట్టుకుని తల దించుకుంది. హరిబాబు చేతులు చాచాడు. "నేను వాదించక్కర్లేదు సార్. ఫిర్యాది గొంతే నా తరఫున వాదిస్తోంది."

గడ్డ నిమ్మకాయంత అయ్యింది. అప్పుడు మగగొంతు పడింది. మెకానిక్‌ది.

"థర్మోస్టాట్ పోయిందండి. కట్ ఆఫ్ అవ్వట్లేదు. పైన గడ్డ కట్టి కిందికి చల్లదనం దిగట్లేదు. వచ్చినప్పుడే ఉన్న డిఫెక్టు ఇది. వస్తువే మార్చాలి."

మల్లీశ్వరి తలెత్తింది. అంతలోనే ఇంకో చుక్క జారింది.

"వస్తువుదేనంటారా? మా ఆవిడకి ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది బాబూ. తలుపు తెరిచి వదిలేస్తోందేమో."

హనుమయ్య గొంతు.

"అట్లాగా అండీ? అయితే అదే రాసేస్తా. మాకూ ఆఫీసులో తలనొప్పి ఉండదు."

మల్లీశ్వరి పక్కకి తిరిగి చూడలేదు. పక్కన నాబ్‌ల చప్పుడు ఆగిపోయింది. పొద్దున నేలమీద పడున్న ప్లగ్గు ఆమె కళ్ళ ముందు కదిలింది.

హరిబాబు ఈసారి నెమ్మదిగా లేచాడు. "కట్టుకున్న భర్త మాట సార్. ఇంతకంటే ఏం కావాలి?"

అధ్యక్షుడు బేసిన్ వంక చూశాడు. గోరంత మంచు మిగిలింది. అది కూడా కరిగింది.

"కాఫీ తీసుకో బాబూ. అదేంటండీ, తలుపు బార్లా తీసి పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు మగాళ్ళిద్దరూ? ఉన్న చల్లదనం కూడా పోతుంది. జరగండి. వేశా."

ఇక నీళ్ళే మిగిలాయి.

సుబ్బరత్నం టైపు ఆపి అడిగింది. "సార్, అన్నిచోట్లా 'వేశా' అనే పడింది. 'వేశాను' అని దిద్దమంటారా?"

"దిద్దెయ్యమ్మా."

"వద్దండీ!"

మల్లీశ్వరి లేచి నిలబడింది.

"దిద్దొద్దండి. నేనెప్పుడూ 'వేశా' అననండి. 'వేశాను' అనే అంటాను. సగం మాట మింగితే మా అమ్మ ఊరుకునేది కాదు. తలుపు తీసి ఉన్నంతసేపే మాట మంచులోకి పోతుంది. 'వేశా' అనేది లోపలికి పోయింది. అంతలో తలుపు పడింది. 'ను' బయట ఉండిపోయింది. నేను తలుపు తెరిచి వదిలేసి ఉంటే, ఆ 'ను' కూడా ఇందులోనే ఉండాలి కదండీ?"

అధ్యక్షుడు సుబ్బరత్నం వైపు తిరిగాడు.

"మొదటి నుంచీ చదువమ్మా" అన్నాడు.

సుబ్బరత్నం చదివింది. నిమ్మకాయ దగ్గర వేశా. టమాటాల దగ్గర వేశా. ఫోన్ దగ్గర వేశా. మగాళ్ళిద్దరి మాటలూ మాత్రం చివరి అక్షరం దాకా నిండుగా ఉన్నాయి. హరిబాబు తనూ ఒకసారి కాగితం అడిగి తీసుకుని, వేలు పెట్టి వరస వరసా వెతికాడు. 'ను' ఎక్కడా దొరకలేదు.

"ఈమె ఏం తీయడానికి వచ్చిందో మర్చిపోయి ఉండొచ్చు" అన్నాడు అధ్యక్షుడు. "తలుపు వేయడం ఒక్కసారీ మర్చిపోలేదు. రాసుకోమ్మా. వస్తువులో లోపం రుజువైంది. నెల లోపల కొత్త ఫ్రిజ్ ఇవ్వాలి. ఇంతకాలం పెట్టిన ఇబ్బందికి పరిహారం కూడా. జవాబులో 'మతిమరుపు' అన్న మాట ఉంది చూశావా, దాన్ని రికార్డులోంచి కొట్టెయ్యి."

మెట్లు దిగుతుంటే హనుమయ్య వెనకపడ్డాడు. "మల్లీ... ఆ రోజు నేను ఏదో..."

"విన్నాను."

"నీకేమన్నా అవుతుందేమోనని నా భయం. ఆ ప్లగ్గు కూడా..."

ఆమె ఆగింది. "మెకానిక్‌తో అన్న మాట పోతే పోయిందండీ. ప్లగ్గు నేనే తీశాననుకున్నాను. బస్సులో అంతసేపూ నన్ను నేను వెతుక్కుంటూ కూర్చున్నాను. మీరు పక్కనే ఉన్నారు."

ఆయన ఖాళీ పెట్టె తనే మోసుకుంటూ బస్సు దాకా నడిచాడు.

ఇంటికొచ్చాక మల్లీశ్వరి ముందు గదిలో కూర్చుంది. వంటింట్లో ఆయన చాలాసేపు ఏదో తంటాలు పడ్డాడు. ఆమె వెళ్ళి చూస్తే నాబ్‌లు రెండూ స్టవ్‌కి ఉన్నాయి. ఒకటి తలకిందులుగా పెట్టాడు. ఆమె దాన్ని ఊడదీసి సరిగ్గా పెట్టింది. పొయ్యి వెలిగించింది. "వెలిగించాను" అంది, వీధి చివరకి వినపడేలా.

నెల తిరిగేలోపే కొత్త ఫ్రిజ్ వచ్చింది. దీంట్లో మంచు పట్టదు. పాలు విరగవు. మాటలూ నిలవుండవు.

ఒక మధ్యాహ్నం ఆమె కూర పోపు వేస్తుంటే వెనక ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది. ఎంతసేపటికీ మూసిన చప్పుడు లేదు. తిరిగి చూస్తే హనుమయ్య ఆ వెలుతురులో నిలబడి అరలన్నీ పైనుంచి కిందికి చూస్తున్నాడు.

"ఏం కావాలండీ?"

ఆయన నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. ముఖంలో భయం కనిపించింది. "అదే మల్లీ... ఏం తీద్దామని వచ్చానంటావు?"

ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. గరిటె పక్కన పెట్టలేదు. నవ్వనూ లేదు.

"ముందు తలుపు వెయ్యండి. వేసి, వేశానని పైకి అనండి. అదే గుర్తొస్తుంది."

ఆయన తలుపు వేశాడు.

"వేశాను" అన్నాడు.