ఎడమకాలి బూటు

కారు తాళం తిప్పేముందు బాబాయి వంగి ఎడమకాలిని బూటులోకి దూర్చాడు. ఆ బూటు ఆయన దిగినప్పుడు కాలితోపాటు రాదు. లేసులు పీకేసి, మడమ దగ్గర రెండు కన్నాలు పొడిచి, ఇనపతీగతో సీటు కింది కడ్డీకి బిగించేశాడు. దిగేటప్పుడు వేసుకునే ఎడమ చెప్పు సీటు వెనక ఉంటుంది. కంటి ఆసుపత్రిలో నర్సుల నుంచి కాపలావాడి దాకా అందరికీ ఆయన బాబాయే గానీ, బూటు సంగతి ఎవరికీ తెలియదు. ఆపరేషన్ అయినవాళ్ళను ఇళ్ళకు దింపడం ఆయన పని. కళ్ళకు కట్లతో ఎక్కేవాళ్ళు డ్రైవరు కాళ్ళకేసి చూస్తారా?

మీసం నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయన నడిపినవన్నీ గేర్ల బళ్ళే. లారీ, స్కూలు బస్సు, ఆ తర్వాత ఆసుపత్రి వ్యాను. ఎక్కడైనా ఎడమకాలిది ఒకటే ఉద్యోగం, క్లచ్ తొక్కడం. పోయిన వేసవిలో వ్యాను మూలపడి ఆటోమేటిక్ కారు వచ్చింది. దీనికి క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. ఉన్నవల్లా బ్రేకూ యాక్సిలరేటరూ. రెండింటినీ కుడికాలే చూసుకోవాలి, ఒకటి వదిలాకే ఇంకొకటి. ఎడమకాలు ఊరికే కూర్చోవాలి.

అది కూర్చుంటేగా. కాస్త కంగారు పుడితే చాలు, క్లచ్ అనుకుని బ్రేకు మీదికి ఉరుకుతుంది. కుడికాలేమో యాక్సిలరేటరు మీదే ఉంటుంది. అందుకే దానికి ఈ జైలు.

"రాత్రి నిద్రలో మళ్ళీ గేర్లు మార్చారు," అంది పొద్దున భార్య. "నా పిక్క కమిలిపోయింది. మానెయ్యకూడదూ ఆ డ్రైవింగు?"

"మానేసి ఏం చెయ్యను? ఇంకో పని వచ్చా నాకు?"

"నన్ను తన్నడం వచ్చుగా."

ఆయన నవ్వి కంచం ముందు నుంచి లేచాడు. ఏదో ఒకరోజు ఈ రెండు కాళ్ళూ కలిసి ఎవరి ప్రాణమో తీస్తాయని ఆయన భయం.

మధ్యాహ్నం ఎక్కిన పెద్దావిడ బట్టలు కుట్టి సంసారం ఈదిన మనిషి. ఒక కంటికి కట్టు, రెండో కంటికి ఇంకా పొర. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ముందు సీట్లోనే కూర్చుంది. వాళ్ళ గేటు ముందు చిన్న ఎత్తు ఉంది. కోడలు గేటు ఒక రెక్క తీసి, రమ్మని చెయ్యి ఊపుతూ కారుకు ఎదురుగానే నిలబడింది.

ఎత్తు ఎక్కించాలంటే హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి, మెల్లగా ఎక్కించాలి. ఆ మాట ఆయన తలచుకోలేదు, కాలు తలచుకుంది. బూటులోంచి ఎప్పుడు జారిందో, వెళ్ళి బ్రేకు మీద కూర్చుంది. కుడికాలు ఎత్తుకు తగ్గట్టు యాక్సిలరేటరు తొక్కింది. ఇంజను అరిచింది. కారు కదలకుండా నిలువెల్లా వణికింది.

ఇలా అరిచినప్పుడు పాత వ్యానులో ఎడమకాలు మెల్లగా వదిలేవాడు. వదిలితేనే అది కదిలేది. ఇప్పుడూ మడమ లేవడం మొదలైంది. కారు ముక్కు జానెడు ముందుకు ఉరికింది. ఎదురుగా కోడలు ఎండకు కళ్ళు చిట్లించుకుని నవ్వుతోంది.

"కుడి," అన్నాడు పైకే. "కుడి తియ్యి, కుడి."

కుడికాలు లేచింది. ఇంజను అరుపు ఆగింది. గేరు పార్కింగులో పెట్టి, తాళం తిప్పేసి, స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోడలికి ఏమీ తెలియలేదు, రెండో రెక్క తీయడానికి పక్కకు వెళ్ళింది.

"పొమ్మంటున్నావా, ఆగమంటున్నావా నాయనా?" అంది పెద్దావిడ. "రెండూ ఒకేసారి చెబితే పాపం అదేం చేస్తుంది?"

ఆయనకు అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "నా ఎడమకాలమ్మా. నా మాట వినట్లేదు," అంటూ బూటు సంగతి కూడా చెప్పేశాడు.

"తొక్కుడు మిషను పోయి మోటారు మిషను వచ్చినప్పుడు నాదీ ఇదే గోల. కాలు ఊరుకునేది కాదు, గుడ్డ పరుగెత్తేది. ఒకరోజు సూది ఇందులో దిగింది." చూపుడువేలు చాచింది. గోరు నిలువునా చీలి ఉంది. "వేలు నాది గనక సరిపోయింది. ఆ రోజే మిషను ముందు నుంచి లేచేశాను. ఏడుస్తాననుకున్నా. హాయిగా నిద్రపట్టింది."

ఆయన ఎడమ చెప్పు వేసుకుని అటువైపు వెళ్ళి, మోచెయ్యి కింద చెయ్యి వేసి ఆవిడను దింపాడు. "ఇక్కడ మెట్టుందమ్మా, కాస్త కాలెత్తండి," అంటూ గుమ్మం దాకా నడిపించాడు.

"పట్టుకోవడం బాగానే వచ్చుగా నీకు," అందావిడ.

గేటు దగ్గరికి వచ్చి సూపరింటెండెంటుకు ఫోన్ చేశాడు.

"కారేమైనా చెడిందా?"

"కారు బాగానే ఉందండీ, నా కాళ్ళే చెడ్డాయి. ఇంకో డ్రైవర్ని పంపండి. నేనిక నడపను. వార్డు నుంచి పేషెంట్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే పనుంటే చేస్తాను."

"దానికో మనిషి కావాలని నర్సులు నా ప్రాణం తీస్తున్నారు. రేపు రా బాబాయ్."

అంబులెన్సు డ్రైవరు వచ్చేదాకా ఆయన గేటు పక్క గట్టు మీద కూర్చున్నాడు. తాళాలు అతని చేతిలో పెడుతుంటే ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. గుండెల మీంచి బస్తా దించినట్టుంది. భార్యకు ఏమని చెప్పాలో అనుకుంటూ, తనలో తనే నవ్వుకుంటూ వీధి మలుపు తిరిగాడు.

"బాబాయ్, ఇదేంటి ఇక్కడ?" అని అతను డ్రైవరు సీట్లోంచి వెనక్కి చూసి అరిచాడు. వీధిలో ఎవరూ లేరు. సీటు కింద, తీగతో కట్టేసిన ఎడమకాలి బూటు, లోపలి అట్ట మీద అయిదు వేళ్ళ గుంటలతో, నోరు తెరుచుకుని ఉంది.