బాగలేదని మాత్రం చెప్పు

కుందుర్పి దూదేకుల వీధిలో సైకిలున్నది ఇమాం హుస్సేన్ ఒక్కడికే. దానివల్ల ఆయనకు దక్కిన సుఖం కంటే పడిన చాకిరీయే ఎక్కువ. దూది ఏకే విల్లు కట్టుకుని ఊరూరా పరుపులు కుట్టడానికి కొనుక్కున్న బండి అది. తీరా కొన్నాక ఊరుమ్మడి గాడిద అయిపోయింది. కాన్పు కబురైనా, పెళ్ళి కబురైనా, చావు కబురైనా అందరూ వచ్చి ఆయన తలుపే తట్టేవారు. కాదనడం చేతకాని మనిషి, అడిగిందే తడవుగా పెడలు మీద కాలు వేసేవాడు.

అరవై ఐదు కరువు తర్వాతి ఎండాకాలం. ఒకరోజు తెల్లవారుజామున నమాజుకు లేచిన అబ్దుల్ గఫూర్, కాళ్ళు కడుక్కుంటూ కడుక్కుంటూనే పక్కకు ఒరిగిపోయాడు. ఒక్క మాటైనా లేదు. గఫూర్ ఇమాం హుస్సేన్‌కు పెదనాన్న కొడుకు. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దూది ఏకినవాళ్ళు. అన్న మొహం మీద చెయ్యి వేసి ఏడుద్దామని ఇమాం హుస్సేన్ కూర్చున్నాడో లేదో, మసీదు పెద్ద మస్తాన్ వలి వచ్చి భుజం తట్టాడు. గఫూర్‌కు ఉన్నది ఒక్కతే కూతురు, హబీబా. గుమ్మఘట్ట అవతలి పల్లెలో కాపురం. ఈ ఎండకు శవం నిలవదు, పొద్దు వాలే వేళ అసర్ నమాజు కాగానే మట్టి చెయ్యక తప్పదు, ఆ లోపల పిల్లను తెచ్చి తండ్రి మొహం చూపించాలి అన్నాడు. లేచి పోబోతున్నవాణ్ణి ఆపి ఇంకో మాట కూడా చెప్పాడు.

"బాగలేదని మాత్రం చెప్పు. పోయినాడని అనొద్దు. ఆ మాట ఇంటే ఆ పిల్ల సైకిల్ మీద కూర్చోని రాగలదా?"

ఇది మస్తాన్ వలి సొంత తెలివేమీ కాదు. ఆ చుట్టుపక్కల చావును చావని ఎవరూ చెప్పరు. బాగలేదంటారు, చూడాలంటున్నాడంటారు. అయితే వినేవాళ్ళకు ఒక ఆనవాలు ఉంది. చావు కబురు తెచ్చినవాడు ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టడు. చెంబు ముందు పెడితే తల అడ్డంగా ఊపుతాడు. దాంతో ఇంట్లో పెద్దవాళ్ళకు సంగతి అర్థమై, గబగబా ప్రయాణం కట్టిస్తారు. నోరు విప్పకుండానే పని జరిగిపోతుంది.

ఇమాం హుస్సేన్ తొక్కాడు. అది దారి అనాలంటే మనసు రాదు. గుండ్రాళ్ళ గుట్టల మధ్య ఎడ్ల బండ్లు కోసిన గాడి, దాని నిండా కంకర. ఎక్కుడు వస్తే దిగి నెట్టాలి, దిగుడు వస్తే బ్రేకును నమ్మలేక చెప్పు నేలకు రాస్తూ దిగాలి. కనుమ ఎక్కేటప్పుడు ఎవరూ లేరు కదా అని పెద్దగా ఏడ్చాడు. ఏడుస్తూనే నెట్టాడు. దారిలో ఒక బావి కనిపిస్తే ఆశగా తొంగి చూశాడు, అడుగున తాబేలు పెంకు తప్ప ఏమీ లేదు. పల్లె చేరేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయి, కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరుగుతున్నాయి.

హబీబా వాకిట్లో కొర్రలు చెరుగుతోంది. చిన్నాయన్ను చూడగానే చేట కింద పెట్టింది. మొగుడు పసులకు మేత వెతుక్కుంటూ కన్నడ దేశం వైపు పోయాడు, ఇంట్లో అత్త మదీనాబీ ఒక్కతే ఉంది.

"నాయనకు ఏమైంది చిన్నాయనా?"

"బాగలేదు. నిన్ను చూడాలంటాండాడు."

ఆ పిల్ల లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఇచ్చి, ఎదురుగా నిలబడి ఆయన మొహంలోకే చూసింది. వెనక గడప మీద మదీనాబీ కూడా చూస్తోంది. వద్దని తల ఊపవలసిన సమయం అదే. ఊపితే ఈ పిల్ల ఇక్కడే కూలిపోతుంది, తను ఒక్కడు ఎలా తీసుకుపోతాడు? పైగా ఆ చెంబులో నీళ్ళు చల్లగా చేతికి తగులుతున్నాయి. ఎక్కువ ఏది పని చేసిందో, దాహమో జాలో, ఆయనకే తెలియదు. ఎత్తి గటగటా తాగేశాడు.

ఆ ఒక్క గుక్కతో ఇల్లంతా తేలికపడింది. మదీనాబీ చెంగుతో మొహం తుడుచుకుని, మొగవాళ్ళకు ఒళ్ళు వెచ్చబడితే ఇంతే, లోకమంతా వచ్చి చూడాలంటారు అని నవ్వింది. కాస్త చల్లబడ్డాక పోదురులే అంది. కాదు, ఇప్పుడే పోవాలన్నాడు ఇమాం హుస్సేన్. హబీబా సరేనంది గానీ, జబ్బు మనిషి దగ్గరికి ఉత్త చేతులతో వస్తానా అంది. నాయనకు నాటుకోడి పులుసంటే పానమని గంప కింది కోడిని పట్టుకుంది. అది తప్పించుకుని పెరడంతా తిరిగింది. తర్వాత దాన్ని కొయ్యాలి, బొచ్చు పెరకాలి, ఉడికించాలి. ఇమాం హుస్సేన్ అరుగు మీద కూర్చుని నీడ వంక చూస్తున్నాడు. వద్దమ్మా అన్నాడు, రెండోసారి కూడా అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేని మనిషి మాట ఎవరు ఖాతరు చేస్తారు? నీళ్ళు వద్దనలేని నోరు కోడిని వద్దంటే ఎవరికి లెక్క?

చివరికి బయల్దేరారు. క్యారియర్ మీద గోతాం మడత వేసి హబీబాను కూర్చోబెట్టాడు, ఒళ్ళో గిన్నె. ఎదురుగాలి మొదలైంది. వేడి గాలి, పిడికిళ్ళతో దుమ్ము కళ్ళలో కొడుతోంది. ఒక్కడే ఉంటే ఎక్కగలిగే ఎక్కుళ్ళు కూడా ఇప్పుడు ఇద్దరూ దిగి నడవవలసి వచ్చింది. ఆయన పళ్ళు బిగించి తొక్కుతుంటే హబీబా వీపు తట్టి, చిన్నాయనా నీ గుండె పగిలేట్టుంది, కాసేపు ఆగుదాం అనేది. ఆయన ఆగనంటే ఆ పిల్ల దూకి దిగేసేది. ఏం తొందర అనేది. అంత మంచి పిల్లను ఎలా కసురుకుంటాడు?

కనుమ కింద దర్గా వచ్చింది. నాయన జబ్బు నయం కావాలని మొక్కుకుని వస్తానంది. ఆయన సైకిలు పట్టుకుని బయట నిలబడ్డాడు. లోపల ఆ పిల్ల కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. పొద్దున పోయిన మనిషి ఆయుష్షు కోసం అడుగుతోంది. ఇమాం హుస్సేన్‌కు తన మీద తనకే అసహ్యం పుట్టింది. బయటికి రాగానే చెప్పేద్దాం, ఏమైతే అది అయిందనుకున్నాడు. కనుమ ఎక్కేదాకా మాటలు కూడగట్టుకున్నాడు. పైకి చేరాక హబీబా అని పిలిచాడు కూడా.

ఆ పిల్లే ముందు మాట్లాడింది. "నువ్వు రాంగానే నాకు గుండె జారిపోయింది చిన్నాయనా. నీళ్ళు తాగితివి చూడు, అప్పుడు గాని పానం కుదుటపడలేదు."

కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఎక్కి కూర్చోమన్నాడు. దిగుడంతా చెప్పు ఆన్చకుండా వదిలేశాడు. సైకిలు రాళ్ళ మీద ఎగిరెగిరి పడింది. పడితే పడనీ, ఇద్దరం చస్తే చద్దాం, ఆలస్యం మాత్రం కాకూడదని మూర్ఖంగా తొక్కాడు. హబీబా ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని, భయపడుతూనే నవ్వింది.

ఊరికి ఈవల, బాట పక్కనే ఖబరస్తాన్. దూరం నుంచే తెల్ల టోపీలు కనిపించాయి. కొందరు అప్పటికే చేతులు దులుపుకుంటూ ఊళ్ళోకి పోతున్నారు. ఎవరు పోయినారని హబీబా అడిగింది. మస్తాన్ వలి సైకిలును చూసి తల దించుకున్నాడు. ఆ దించుకోవడంలోనే ఆ పిల్లకు అంతా తెలిసిపోయింది. సైకిలు ఆగకముందే దూకింది. గిన్నె దొర్లిపోయింది. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదని అడ్డుపడడానికి ఎవరికీ నోరు రాలేదు. పొద్దు వాలిందాకా కాచుకున్నామమ్మా, ఇంక శవం ఆగలేదు అని మస్తాన్ వలి గొణిగాడు.

హబీబా ఏడవలేదు. తడి ఆరని మట్టి కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మొహం దాకానైనా మట్టి తియ్యండి, చూసి పోతానంది. ఎవరూ కదలలేదు. తియ్యకూడదని ఆ పిల్లకూ తెలుసు. కాసేపటికి తల తిప్పి ఇమాం హుస్సేన్ వంక చూసింది. ఆ చూపులో ఇంకా నమ్మకం ఉంది. అదే ఆయన్ను చంపేసింది.

"మనం దావలో ఉండంగ పోయినాడా చిన్నాయనా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరికీ నిజం తెలుసు. అందరూ ఆయన నోరే చూస్తున్నారు.

"లేదమ్మా. తెల్లారుజామునే పోయినాడు. నేను బయల్దేరక ముందే."

ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు ఆ పిల్ల మొహం మెల్లగా మారిపోయింది. గొంతు మాత్రం పెరగలేదు.

"ఆ మాట ఆడనే చెప్పింటే చెప్పులు గూడా ఏసుకోకుండా పరిగెత్తి వచ్చింటి గదా."

అన్నకు తనూ పిడికెడు మట్టి వెయ్యలేదని ఇమాం హుస్సేన్‌కు అప్పుడు గుర్తుకొచ్చింది. వంగి మట్టి తీసుకున్నాడు. హబీబా ఆ చేతినే చూస్తోంది. ఆ పిల్ల చూస్తుండగా వెయ్యలేక, పారబొయ్యనూ లేక, పిడికిలి బిగించుకుని అలాగే నిలబడిపోయాడు.