వేళ్ళకు పట్టిన తెల్లదారం

గోళ్ళ కింద మట్టి పోవాలంటే పాత టూత్‌బ్రష్షే దిక్కు. రోజూ పొద్దున్న పెరటి కుళాయి దగ్గర నేను చేతులు తోముకుంటుంటే మా అత్తయ్య వంటింటి కిటికీలోంచి, "పళ్ళకి అయిదు నిమిషాలు, గోళ్ళకి అరగంట!" అంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాటకి పదునుండేది. ఇప్పుడు అలవాటే మిగిలింది. ఆ అరగంటలో టీ ఆవిడే పెట్టేస్తుంది.

మాది కూరగాయల నారు అమ్మే నర్సరీ. మా ఆయన్ని అందరూ మొక్కల మాస్టారంటారు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు గానీ, గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. "వేరుకి బూజుని తోడు పెడతామండీ. అది సన్నటి దారాలు చాచి, వేరుకి అందని చోట నుంచి సారం తెచ్చి మొక్కకి పెడుతుంది. మొక్క తన తీపిలో కాస్త దానికి పెడుతుంది." ఆ మాటలు నావి. వృక్షశాస్త్రం చదివొచ్చిన ఉత్సాహంలో పెళ్ళయిన కొత్తలో ఆయనకి చెప్పినవి. కొబ్బరిపొట్టులో వానపాముల ఎరువు కలిపి, ట్రేలో ప్రతి గుంటలోనూ చిటికెడు బూజుపొడి వేసి, దానికి ఆనేలా గింజ పెట్టే చేతులూ నావే. ఆ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఎత్తేంత కోపం ఆయన రానివ్వరు. నా వేళ్ళు పగిలితే వెన్న రాసేది ఆయనే. కోపం తెప్పించని మనిషితో చిక్కే అది. అడగాల్సినవి అడగకుండానే ఏళ్ళు గడిచిపోతాయి.

కిందటి నెల రైతుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. ఇరవైమందికి ఈ పద్ధతి చూపించాలట, నచ్చితే నెలనెలా వచ్చి నేర్పాలట. "మాస్టారికి చెప్పండమ్మా" అన్నాడు. నేర్పడం అనే మాట వినగానే, టీచర్నవుతానని కాలేజీ మెట్ల మీద స్నేహితురాళ్ళతో పందెం కాసిన పిల్ల నాలో లేచి కూర్చుంది. దాన్ని మళ్ళీ పడుకోబెట్టి, "అలాగేనండీ" అన్నాను. ఆ వేళ నుంచే అయిదు ట్రేల టమాటా నారు ప్రత్యేకంగా పెంచాను. రాత్రి అన్నాలయ్యాక ఆయనకి పాఠం అప్పజెప్పించుకున్నాను కూడా.

రేపు వెళ్ళాలనగా ఇవాళ మధ్యాహ్నం నేను బజారుకెళ్ళి అత్తయ్యకి మందులు కొనుక్కుని వచ్చేసరికి, ఆయన బూజుమందు డబ్బా పట్టుకుని పెళ్ళికొడుకులా నవ్వుతూ నిలబడ్డారు.

"చూసుకోవద్దటోయ్? ట్రేల అడుగున తెల్లగా దారాలు పట్టేశాయి. రేపు అంతమందిలో పరువు పోయేది. వేళ్ళు తడిసేలా బూజుని చంపే మందు పోసేశాను. నీకెందుకు శ్రమని."

నేను మెట్టు మీద కూలబడ్డాను. "రోజూ గేటు దగ్గర మీరు పొగిడేది దాన్నేనండీ."

"అదా ఇది?" ఆయన ముఖం పాలిపోయింది. "ఇలా ఉంటుందని నాకేం తెలుసు? డబ్బాలో పొడే కదా నేను చూసింది!"

"పాలు గట్టిపడ్డాయని తోడుకున్న పెరుగు పారబోసినట్టుందిరా నీ తెలివి" అంది అత్తయ్య గుమ్మంలోంచి. "ఎండకి వాడిపోతుందేమోనని ఒక ట్రే వంటింట్లో పెట్టాను. అదొక్కటే వీడి చేతికి చిక్కలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "పోనీ, రేపు నువ్వెళ్ళు. నాకు జ్వరమని చెప్దాం. నా బదులు నువ్వైతే బాగా చెప్తావు" అన్నారు.

ప్రేమతోనే అన్నారు. ఆ ప్రేమ నాకు తెలుసు, ఇన్నేళ్ళూ దాని నీడలోనే ఉన్నాను. కానీ 'నా బదులు' దగ్గర ఆగిపోయాను. ఆ దారాలు ఆయన తన కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. నేను ఎన్ని వేల వేళ్ళు ఎత్తి చూసుకున్నాను! మట్టి వదలకుండా పట్టుకుందా లేదా అని బిడ్డ నుదురు చూసినట్టు చూసుకున్నాను. నేను వెళ్ళాలంటే ఆయనకి జ్వరం రావాలా? ఆరోగ్యంగా ఉన్న మనిషి భార్యకి ఏమీ తెలియకూడదా? ఆయన్ని నొప్పించకుండా ఈ మాట ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను. దొరకలేదు. నొప్పి పెట్టినా ఆయన తట్టుకోగలరనిపించింది. అంతమాత్రం నమ్మకం ఆయన మీద ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదో!

లేచి వెళ్ళి కార్యదర్శికి ఫోన్ చేశాను. ఆయన వింటూనే ఉన్నారు.

"చెప్పండమ్మా, మాస్టారు రేపు పొద్దున్నే బయల్దేరుతున్నారా?" అన్నాడు కార్యదర్శి.

"నేను వస్తున్నానండీ. మంచి ట్రే ఒకటి, బూజుమందు పడ్డవి నాలుగు తెస్తాను. రెండు రకాలూ మీ మళ్ళలోనే పక్కపక్కన నాటి, నెల తర్వాత వేళ్ళు తీసి చూద్దాం."

"అయ్యో, మాస్టారికి ఒంట్లో బాలేదా?"

"ఆయన నిక్షేపంలా ఉన్నారు. ఈ పని నాది, అందుకని వస్తున్నాను."