ఇరవై మూడు రోజుల గడ్డం

మా పక్కింటి వడ్రంగికీ నాకూ మాటలు లేక ఎన్నాళ్ళయిందో క్యాలెండర్ చూడకుండానే చెప్పగలను. అతని గడ్డం చూస్తే చాలు. పందొమ్మిదేళ్ళుగా ఆ గడ్డం గీసింది నేనే. వారానికి రెండుసార్లు, మా ఇంటి ముందు గదిలోనే ఉన్న నా సెలూన్‌కి వచ్చి కూర్చునేవాడు. వరసకి ఏమీ కాకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ గడ్డానికి ఇరవై మూడు రోజులు. పంతం కొద్దీ నా దగ్గరికి రాడు. వీధి చివర ఇంకో సెలూన్ ఉంది, అక్కడికీ పోడు. అది చూసినప్పుడల్లా నాకు మనసులో పీకుతూ ఉంటుంది.

గొడవంతా మా పుంజు వల్ల వచ్చింది. దాని నడక చూసి మా ఆవిడ ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెడితే ఏడు దాకా ఆపదు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. బావ కూతురికి పాప పుట్టాక వచ్చింది చిక్కు. రాత్రంతా ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల నాలుగింటికి నిద్రపోతుందట. నాలుగున్నరకి మావాడు లేపేస్తున్నాడు.

"బావా, దాన్ని ఎక్కడికైనా పంపించెయ్," అన్నాడు ఓ పొద్దున గోడ మీంచి.

నా నోరు ఊరుకోదు కదా. "కోడన్నాక కూస్తుంది. మీ పిల్ల ఏడుపుకి నేనేమన్నా అన్నానా?" అనేశాను. బావ మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు.

నిన్న సెలూన్‌కి వచ్చిన ఒకాయన ఉపాయం చెప్పాడు. పుంజు కూయాలంటే మెడ నిక్కించాలట. పైకప్పు ఎత్తు తక్కువగా ఉన్న పెట్టెలో రాత్రి పడుకోబెట్టి, అందరూ లేచాక వదిలితే సరిపోతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్టె చేసేవాడు గోడ అవతలే ఉన్నాడు. కానీ ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇవాళ మధ్యాహ్నం నేనే పూనుకున్నాను. చేతికందిన దువ్వెనతో పుంజు ఎత్తు కొలిచాను. అప్పుడది వంగి గింజలు తింటోందన్న సంగతి తట్టలేదు. పెరట్లో పాత చెక్కలు పరిచి సుత్తి పట్టుకున్నాను. మొదటి మేకు వంగింది. రెండోదీ వంగింది. మూడో దెబ్బ నా బొటనవేలి మీద పడింది. నేను కెవ్వుమనేలోపు గోడ అవతల పాప గుక్కపట్టింది. పాప నిద్ర కాపాడబోయి పట్టపగలు నేనే లేపాను.

గోడ మీంచి బావ తల లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇక ఈ జన్మకి మాటలుండవు అనుకున్నాను. బావ నా వంక చూడలేదు. నా ముందు వంకర మేకులతో చీలిపోయి ఉన్న చెక్కల్ని చూశాడు. మొహంలో కోపం పోయి బాధ కనిపించింది.

"ఏంటది?"

"పెట్టె. కోడికి. మెడ ఎత్తకుండా."

"అందులో కోడి పడుతుందా?"

"కొలిచాను."

"దేంతో?"

దువ్వెన చూపించాను.

బావ లోపలికి వెళ్ళి టేపూ రంపమూ తీసుకుని గోడ దూకాడు. "తప్పుకో. ఇందాకట్నుంచి చెక్క చీలుతున్న చప్పుడు వినలేక చస్తున్నా," అన్నాడు. పుంజుని నిటారుగా నిలబెట్టి కొలిచాడు. సుత్తి ముట్టుకోలేదు. మళ్ళీ నిద్రపోయిన పాప లేవకుండా రంపం మెల్లగా లాగి, అన్నీ మరమేకులతో బిగించాడు. గాలికి కన్నాలు పెట్టి, అంచులు ఉప్పుకాగితంతో నునుపు చేశాడు. గంటలో పెట్టె తయారైంది.

"పాపని అలా అనకుండా ఉండాల్సింది బావా," అన్నాను. "తప్పయింది."

"తప్పే," అన్నాడు. గడ్డం బరబరా గోక్కున్నాడు. "దురద చంపేస్తోంది."

సెలూన్‌లోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి మెడచుట్టూ గుడ్డ కట్టాను. కడుతుంటే అతని చొక్కా ఎడమ భుజం మీద ఎండిపోయిన పాల మరకలు కనిపించాయి. రాత్రుళ్ళు పాపని ఎత్తుకుని తిరుగుతున్నది ఎవరో అప్పుడు తెలిసింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఒక చెంప గీయడం పూర్తయ్యేసరికి బావ తల పక్కకి ఒరిగింది. గురక మొదలైంది.

కత్తి మడిచి పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ గడపెక్కాడు. ఛాతీ విరిచాడు. మెడ నిక్కించాడు. నేను ఒక్క గెంతులో వెళ్ళి, సబ్బు నురగ చేతుల్తోనే దాన్ని పట్టుకుని, మెడ దించి, తువ్వాలు కప్పి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను.

కాసేపటికి గడ్డం గీయించుకోవడానికి ఇద్దరొచ్చారు. సగం గడ్డంతో నిద్రపోతున్న బావనీ, ఒళ్ళో కోడితో ఉన్న నన్నూ మార్చి మార్చి చూశారు. ఒకాయన ఏదో అడగబోయాడు.

"మెల్లగా," అన్నాను. "మా బావ పడుకున్నాడు."