మా అన్నను తిట్టడానికి వచ్చినవాడు

మా వదిన ఊరి చివరి గోన్లే చెక్‌పోస్టుకు వెళ్ళి, అక్కడి తుపాకుల నాయకుణ్ణి తన మొగుడి పెద్ద దినానికి పిలిచి వచ్చిందని తెలిసిన పూట నేను అన్నం ముట్టలేదు.

"నీకు మతి పోయిందా వదినా?" అన్నాను.

"పోయి ఉంటే నీ దగ్గరికే వచ్చుంటుంది మరిదీ. కాస్త వెతుకు, నీకు పనికొస్తుంది" అంది, బియ్యం చెరుగుతూనే.

ఆమెతో మాట్లాడి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మా అన్న లువా కూడా గెలవలేదు. ఆయన పోయి నాలుగేళ్ళు దాటింది. ఆ నాలుగేళ్ళూ మా వదిన ఒంటి మీద అదే నల్లబట్ట. దినం పూర్తి కాని విధవ మరో ఇంటి వాకిలి తొక్కకూడదు, తన చేత్తో విత్తనం జల్లకూడదు. మా పొలంలో పక్కవాళ్ళు వరి జల్లుతుంటే గట్టు మీద కూర్చుని, "అక్కడ పలచగా పడింది, కళ్ళు కనబడ్డం లేదా" అని అరిచేది. అంత పనిమంతురాలికి అంతకంటే శిక్ష లేదు.

అది 2007 మార్చి నెల. మా దేశపు ప్రభుత్వమూ, తిరుగుబాటుదారులూ పొరుగుదేశంలో కూర్చుని సంతకాలు పెట్టారని రేడియో చెప్పింది. చెక్‌పోస్టుల్లో దారికి అడ్డంగా కట్టిన తాళ్ళన్నీ విప్పేస్తారట, తుపాకులు అప్పజెప్పేస్తారట. అలాంటి సంతకాలు అంతకుముందు నాలుగైదుసార్లు విన్నాం కాబట్టి మా గ్వేప్లూ ఊళ్ళో ఎవరూ గంతులు వెయ్యలేదు. కాకపోతే చెక్‌పోస్టు కుర్రాళ్ళు గడ్డాలు గీసుకోవడం మొదలుపెట్టారు. ఇంటికి పోయే ఆలోచన ఉన్నవాడే గడ్డం గీస్తాడు. దాంతో ఈసారి నిజమేనేమో అనిపించింది.

వదిన తొందర కూడా అందుకే. మేం యాకూబా జాతివాళ్ళం. ఉత్తరాది సెనూఫోలకీ మాకూ తాతల నాటి పరాచికాల పొత్తు ఉంది. ఎదురుపడితే ఒకళ్ళనొకళ్ళు 'నా బానిసా' అని పిలుచుకోవాలి, నోటికొచ్చినట్టు తిట్టుకోవాలి, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూడకూడదు. మా ఊళ్ళో ఎవరి పెద్ద దినమైనా, పోయినవాడి బట్టల మూటని వాగు దాటించేటప్పుడు ఒక సెనూఫో దారికి అడ్డం నిలబడి వాణ్ణి తిట్టాలి. సొంతవాళ్ళం మేం తిట్టలేం. పొగడ్తలే వింటూ ఉంటే పోయినవాడు 'ఇంత మంచివాణ్ణి, నేనెందుకు పోవాలి' అని గుమ్మం దగ్గరే ఉండిపోతాడు. వాడి గుట్టు నాలుగు తిట్లతో విప్పితేనే సిగ్గుపడి బయల్దేరతాడు. పూర్వం ఆ పని మా ఊళ్ళో ఉండే సెనూఫో నేతగాడు చేసేవాడు. యుద్ధం రాగానే మగ్గం వదిలేసి ఉత్తరానికి పారిపోయాడు. ఇక మిగిలిన సెనూఫోలంటే చెక్‌పోస్టులో తుపాకులు పట్టుకున్నవాళ్ళే. వాళ్ళూ వెళ్ళిపోతే మళ్ళీ ఎన్నేళ్ళకి ఒక సెనూఫో మా ఊరు వస్తాడో దేవుడికే తెలియాలి.

అదంతా నాకూ తెలుసు. అయినా నా కడుపు మంట నాది. 2002 డిసెంబరులో మా అన్నకి పేగు మెలిపడింది. ఆయన్ని సైకిల్ వెనక కూర్చోబెట్టి, బట్టతో నా నడుముకి కట్టుకుని మాన్ పట్నం ఆస్పత్రికి తొక్కాను. ఊరి చివర, సరిగ్గా ఆ చెక్‌పోస్టు తాడు దగ్గరే ఆపారు. కాగితం ఉందా అన్నారు. లేదన్నాను. రేపు పెద్దాయన వస్తాడు, అప్పుడు రండి అన్నారు. మా అన్న నా వీపు మీద తల పెట్టుకుని, "పోదాం పదరా" అన్నాడు. ఆస్పత్రికి పోదామన్నాడో ఇంటికి పోదామన్నాడో నాకిప్పటికీ తెలియదు. పొద్దుగూకేలోగా పోయాడు. ఊరంతా అడవిలో దాక్కుంది. డప్పు లేదు, ఏడుపు లేదు, పెరట్లో నేనూ వదినా గొయ్యి తవ్వాం.

ఇప్పుడున్న నాయకుడు నాంగా అప్పటివాడు కాదు, ఆ తర్వాత రెండేళ్ళకి వచ్చాడు. కానీ తాడు అదే కదా.

మర్నాడు వదిన మళ్ళీ చెక్‌పోస్టుకు బయల్దేరితే నేనూ వెంట పడ్డాను. నాంగా బనీను మీద, హవాయి చెప్పులతో బెంచీ మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, బక్కమనిషి.

"ఒరే బానిసా, నీ యజమానురాలొచ్చింది. లేచి నిలబడు" అంది వదిన.

"ఎవరీ ముసలికోతి? దీన్ని మా తాత ఎప్పుడో అమ్మేశాడే. కొన్నవాడు మళ్ళీ వెనక్కి తోలేశాడా?"

"మీ తాత నన్నమ్మటమా? మీ తాతని మేం ఒక గంప చిలగడదుంపలకి కొన్నాం. దుంపలు దండగయ్యాయి." నవ్వేసి, గొంతు తగ్గించింది. "శనివారం పొద్దున్న. తుపాకీ తేకూడదు. నీ మనుషుల్నీ తేకూడదు."

నాంగా తల గోక్కున్నాడు. "తుపాకీ లేకుండా మీ ఊళ్ళోకొస్తే నా తలకాయ పులుసు పెట్టేస్తారు."

"నీ తలకాయలో ఏముందిరా పులుసుకి? మూడు పూటలు ఉడికించినా నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి."

అతను నా వంక చూశాడు. "మీ మరిదేంటి, అలా చూస్తున్నాడు?"

"వాడి మొహమే అంత. పుట్టినప్పుడు మంత్రసాని కూడా అదే మాటంది" అంది వదిన. నేను నవ్వలేదు. అతనూ నవ్వలేదు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆ సాయంత్రం క్పాన్ మా ఇంటికొచ్చాడు. వాడు మా వీధివాడే. వాడి మేకల్ని ఒకటొకటిగా ఆ చెక్‌పోస్టువాళ్ళే తినేశారు, వాడి తమ్ముణ్ణి రెండు రోజులు ఎండలో కూర్చోబెట్టారు. "తుపాకీ లేకుండా వస్తాడట కదా. వచ్చినవాడు తిరిగి పోనక్కర్లేదు. నువ్వు ఊ అంటే చాలు" అన్నాడు.

"పొత్తు మాటేంటి?" అన్నాను.

"మన మేకల్ని తినేటప్పుడు వాళ్ళకి గుర్తొచ్చిందా పొత్తు?"

నేను ఊ అనలేదు. వద్దని కూడా అనలేదు. శనివారం పొద్దున్న చొక్కా కింద నడుముకి కొడవలి కట్టుకున్నాను. దీన్ని దాచుకోవడం ఇష్టం లేకే చెబుతున్నాను.

నాలుగేళ్ళ తర్వాత మా వాకిట్లో డప్పు మోగింది. వదిన మా అన్న బట్టలు తీసి మూట కట్టి నా చేతుల్లో పెట్టింది. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, చేతితో నేసిన ఒక దుప్పటి, అంతే. ఊరంతా వచ్చింది. ఎండెక్కుతోంది గానీ నాంగా జాడ లేదు. వదిన రోడ్డు వంక చూడనట్టు నటిస్తూ చూస్తోంది. ఆమె చేతులు మాత్రం ఆ నల్లబట్ట అంచుని నలుపుతూనే ఉన్నాయి. అది చూసి నాకు జాలేసింది. వాడు రాకూడదని కోరుకుంటున్నవాణ్ణి, వస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. ఆడవాళ్ళ లుంగీ తలకిందులుగా చుట్టుకుని, నెత్తిన టమాటా డబ్బా బోర్లించుకుని, భుజాన తుపాకీ బదులు రోకలి తగిలించుకుని, దూరం నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

"ఓ లువా, నా బానిసా, నన్నడక్కుండా చచ్చిపోయావురా. పిసినారీ, చావడానికి కూడా నాకు కబురు పెట్టలేదురా. కల్లు కుండ చివరి చుక్కదాకా నాకేవాడివి, పిల్లల పళ్ళెంలో చేపముక్క మాయం చేసేవాడివి, పొలం పనికి పిలిస్తే నడుం పట్టేసేది, డ్యాన్సుకి పిలిస్తే వదిలేసేది."

మా అన్నని అతను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఒక్క మాట పొల్లు పోలేదు. చచ్చిపోయిన మగాళ్ళందరి తప్పులూ ఒకటే కాబోలు. ముసలమ్మలు పొట్ట పట్టుకుని నవ్వారు. వదిన తలాడిస్తూ, "ఔనౌను, ఇంకా ఉన్నాయి" అంది.

వాగు దారిలో రెండు నారింజ చెట్ల మధ్య అతను ఒక తీగ లాగి కట్టాడు. రోకలి ఎక్కుపెట్టి నిలబడ్డాడు. ఆచారం ప్రకారం అడ్డం నిలబడాలి సరే, అతను మాత్రం తన చెక్‌పోస్టునే తెచ్చి అక్కడ పెట్టాడు. తన మనుషులు ఎలా ఆవులిస్తారో, కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ఎలా చదువుతారో, కోడిని చూడగానే ఎలా నిటారుగా నిలబడతారో అన్నీ చేసి చూపించాడు. రోజూ భయంతో తలొంచుకుని దాటే ఆ వేషాలని చూసి ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. క్పాన్ ఒక్కడే నవ్వలేదు. నాంగా పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆగక్కడ" అన్నాడు నాంగా నాతో. "ఆ మూటలో ఎవడు? ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

మూట మోసేవాడు జవాబు చెప్పాలి. వేళాకోళంగా చెప్పాలి. నేనూ ఏదో అనుకునే వచ్చాను. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"మా అన్న. పేగు మెలిపడింది. మాన్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. కాగితం లేదు. సైకిల్ మీద నా నడుముకి కట్టుకొచ్చాను. సాయంత్రం దాకా ఉండడు. మమ్మల్ని పోనివ్వండి."

డప్పు ఆగిపోయింది. నా చెయ్యి చొక్కా కిందికి పోవడం నాకు తెలుస్తూనే ఉంది. నాంగా మొహంలో వేషం జారిపోయింది. నన్ను చూశాడు, వదినని చూశాడు. వదిన ఔనన్నట్టు తలాడించింది. ఈ సంగతి ఆమె అతనికి చెప్పలేదని అప్పుడే తెలిసింది. చెబితే రాడని చెప్పలేదు.

నేనప్పుడు ఇక్కడ లేను అని అతను అనొచ్చు. అది నిజం కూడా. ఆ మాట వచ్చి ఉంటే ఏం జరిగేదో నేను చెప్పలేను. అతను అనలేదు. రోకలి కింద పెట్టాడు. నెత్తి మీది డబ్బా తీశాడు. రెండు చేతులతో తీగని తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

"పొండి" అన్నాడు. "డాక్టరు ఉన్నాడు. తొందరగా తీసుకుపొండి."

నేను వంగి దాటాను. దాటగానే మూటలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నాలుగేళ్ళుగా ఆ తాడు దగ్గరే ఆగిపోయింది మా అన్న ఒక్కడే కాదు, నేను కూడా. నా వెనక వదిన దాటింది. ఆమె వెనక ఊరు దాటింది, ఒక్కొక్కరే వంగి. అంత జనం దాటేసరికి అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి. అయినా దించలేదు. చివరికి క్పాన్ ఒక్కడే మిగిలాడు.

"చేతులు నొప్పెడుతున్నాయా?" అన్నాడు క్పాన్.

"పెడుతున్నాయి."

"పెట్టనీ" అని, నింపాదిగా నడుచుకుంటూ తీగ కిందనుంచి దాటాడు. వాగు దగ్గర నేను కొడవలితో మూట తాడు కోశాను. దాన్ని మళ్ళీ నడుముకి కట్టుకోలేదు.

తిరిగొచ్చాక వదిన స్నానం చేసి పసుప్పచ్చ బట్ట కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె మెడ అంత సన్నబడిందని నేనెప్పుడూ గమనించలేదు. తాటిపండు పులుసు, అన్నం, కోడికూర వడ్డించారు. తిట్టినవాడికి కోడితొడ హక్కు. నాంగా దాన్ని పళ్ళెంలో అటూ ఇటూ తిప్పుతున్నాడే గానీ తినడం లేదు.

"ఏరా బానిసా, నీ బతుకులో ఇంత మాంసం చూడలేదా?" అంది వదిన.

"అమ్మా" అన్నాడతను. మా రెండు జాతుల మధ్య ఆ పిలుపు లేదు. అందరం తలెత్తాం. "మా నాన్న పోయి రెండేళ్ళయింది. కొరొగో పక్కన మా ఊళ్ళో. నేను పోలేకపోయాను. అక్కడుండే యాకూబాలందరూ యుద్ధంలో పారిపోయారు. తిట్టడానికి ఒక్కరూ దొరకలేదు. అందరూ మంచివాడు, మంచివాడు అనేసి పూడ్చారట. ఇంకా గుమ్మంలోనే ఉండుంటాడు." వదిన వైపు తిరిగి, "మీరొస్తారా?" అన్నాడు.

కొరొగో అంటే రెండు రోజుల ప్రయాణం. దారిలో తాళ్ళు ఎన్ని విప్పారో, ఎన్ని విప్పలేదో ఎవరికీ తెలియదు. మా వదిన మాన్ పట్నం దాటి ఎరగదు. ఆమె కాదంటుందనుకున్నాను. ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కూడా కాదు.

వదిన చెయ్యి కడుక్కుని, కొత్తబట్ట అంచుతో తుడుచుకుంది.

"గురక పెట్టేవాడా?" అంది.

నాంగా ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. "పెట్టేవాడు. గోడ అదిరేది."

"పిసినారేనా?"

"ఉప్పు కూడా పెట్టెలో పెట్టి తాళమేసేవాడు."

"ఇంకా చెప్పు. అంత దూరమొచ్చి అందరికీ తెలిసిన తిట్లే తిడితే మా జాతికి తలవంపులు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి దొంగచాటు నిద్రలూ, మేకంటే భయమూ, పెళ్ళాం మీద అలిగి చెట్టెక్కి కూర్చున్న సంగతీ. చెబుతూ నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు, ఏడుస్తూ కూడా చెబుతూనే ఉన్నాడు. నేను పీట లాక్కుని దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"కాస్త నెమ్మదిగా చెప్పవయ్యా" అన్నాను. "మా వదినకి మతిమరుపు. బస్సులో గుర్తుచెయ్యాల్సింది నేనే."