ముళ్ళపంది పంది కాదట

కొత్త డైరెక్టరుగారు జూకి వచ్చి నెల తిరగకుండానే బోర్డులన్నీ పీకించారు. ముళ్ళపంది పంది కాదు, ఎలుకల జాతి. కాబట్టి ఇకమీదట అది ‘కంటకరోమ కృంతకము’. మైకులో కూడా ఆమోదించిన జాబితాలోని పేర్లే చదవాలి, తప్పితే మెమో. తొమ్మిదేళ్ళుగా దానికి చేత్తో క్యారెట్లు తినిపిస్తున్న కీపరుకి ఒళ్ళు మండింది. పేరు మారిస్తే దాని ఆకలి తగ్గుతుందా, ముళ్ళు రాలతాయా? అయినా ఉద్యోగం కదా, నోరు మూసుకున్నాడు.

ఆ రోజు బోను కడిగి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూసుకోకుండా మేత బకెట్టు కోసం వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బోను ఖాళీ. తడికాళ్ళ గుర్తులు మెయిన్ గేటు వైపు పోతున్నాయి. గేటు దాటితే బస్సుల రోడ్డు. పక్కనే ఉన్న మైకు గదికి పరుగెత్తాడు. అక్కడ మైకు దగ్గర కూర్చునేది అతని సొంత వదినే.

“వదినా, ముళ్ళపంది బయటపడింది! గేటు మూయించు!”

“ఆ మాటంటే నాకు మెమో వస్తుంది మరిదీ, ఉండు,” అంటూ ఆవిడ జాబితా మీద వేలు పెట్టి వెతికింది. అతనికి ఆ వేలు కొరికేయాలనిపించింది. ఆఖరికి దొరికింది. “కంటకరోమ కృంతకము గేటు వైపు వచ్చుచున్నది. గేటు సిబ్బంది తగు చర్య తీసుకోవలెను.”

గేటు తాత పాతకాలం మనిషి. అంత పొడుగు పేరుందంటే ఎవరో పెద్దమనిషే అయ్యుంటాడనుకున్నాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, టోపీ సర్దుకుని సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు.

కిటికీలోంచి అది చూసిన కీపరు మైకు లాక్కున్నాడు. “తాతా! ముళ్ళపంది! ముళ్ళపంది వస్తోంది, గేటు మూసెయ్!”

తాత ఎగిరిపడి గేటు మూశాడు. అది మూరెడు దూరంలో ఆగి, ముళ్ళు విదిలించి, అలిగినట్టు వెనక్కి తిరిగింది.

కీపరు దాన్ని క్యారెట్టు ఆశ చూపి బోనులో పెట్టి వచ్చేసరికి, మైకు గదిలో డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు.

“జనం ముందు పంది అంటావా? మన పరువేం కాను?”

“అది పంది కాదని నాకూ తెలుసండీ. దాని పళ్ళు రోజూ చూస్తున్నాను. పుస్తకాల్లో మీరు పెట్టిన పేరే రాసుకోండి, ఎవరు వద్దన్నారు? కానీ మైకులో చెప్పేది తాతకి అర్థం కావాలి కదా! ఇంకో నిమిషమైతే బస్సు కింద పడేది.”

“అలవాటైతే అందరికీ అర్థమవుతుంది,” అన్నారాయన.

వదిన జాబితా తీసి ఆయన చేతిలో పెట్టింది. “పులి బయటపడితే నేనేమని చదవాలో, ఓసారి మీరే చదివి వినిపించండి సార్.”

ఆయన పేజీలు తిప్పారు. పులి పేరు దొరికింది. పెదవులు కదిలాయి గానీ, పైకి మాత్రం చదవలేదు.